అలుగును కాపాడు విద్య

"అలుగు" అను మాట వినినంతనే మన పాతనగరపు పిల్లలకు చెఱువు జ్ఞప్తికి వచ్చును. వానలు మెండుగా కురిసిన యేట చెఱువు అలుగు పాఱినదని పెద్దలు చెప్పుకొనుట వారు వినియుందురు. పై తరగతులవారు, అలుగుట యనగా కోపించి మాటలాడకుండుట యని కూడ చెప్పగలరు. కాని యీ పేరుగల జంతువొకటి మన తెలుగునాటి యడవులలో నున్నదనియు, అది మన కాలముననే క్షీణించిపోవుచున్నదనియు ఎఱిగినవారు పెద్దలలోనే తక్కువ. ఆ జంతువును గూర్చియు, దానిని కాపాడుటకు నేడు ముఖ్యముగా కావలసిన దేదియో దానిని గూర్చియు నా యభిప్రాయమును ఈ సంచికలో విన్నవింప తలంచితిని.

అలుగు పాలిచ్చి పిల్లలను పెంచు జంతువు. ఐనను, పొట్టయు కాళ్ల లోపలి భాగమును తప్ప, దాని దేహము పొలుసులచే కప్పబడియుండును. క్షీరదములలో ఇట్టి పొలుసులు గలది లోకమున ఈ యొక్క కుటుంబమే. మన దేశపు అలుగునకు 160 మొదలు 200 వఱకు పొలుసు లుండును. దానికి పండ్లు లేవు. బలమైన గోళ్లతో చీమలపుట్టలను చెదపుట్టలను త్రవ్వి, జిగురుగల పొడవైన నాలుకతో వానిని నాకి తినును. పగలు బొఱియలో నిద్రించి రాత్రి సంచరించును. సాధారణముగా ఒక కాన్పునకు ఒక్కటే పిల్ల. తల్లి దానిని తోకమీద నెక్కించుకొని తిరుగును. భయము కలిగినప్పుడు ఇది కఱవదు, ఎదిరింపదు. తలను పొట్టలోనికి ముడుచుకొని బంతివలె చుట్టుకొనును. చిఱుతపులి మొదలగు మృగములనుండి ఈ యుపాయము దానిని తఱచుగా కాపాడును. మనుష్యుని యెదుట మాత్ర మిదియే దానికి కీడైనది. చుట్టుకొని కదలక పడియున్న యలుగును ఎవడైనను ఎత్తి గోనెసంచిలో వేసికొని పోవచ్చును.

దీనిని కాపాడుటకు చట్టములు లేవా యని చదువరులు అడుగవచ్చును. కావలసినన్ని కలవు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముననుసరించి అలుగు పులితోపాటు మొదటి షెడ్యూలులో నున్నది. దానిని చంపినను, పట్టినను, అమ్మినను మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్ల వఱకు కారాగారశిక్ష కలదు. 2016లో జోహన్నెస్‌బర్గు నగరమున కూడిన నానాదేశ ప్రతినిధులు, లోకమందలి అన్ని జాతుల అలుగుల యంతర్జాతీయ వ్యాపారమును నిషేధించిరి. ఆ నిర్ణయము 2017 జనవరి నుండి అమలులోనికి వచ్చెను. 2020లో చీనాదేశము తన యౌషధగ్రంథమందలి ముడి యౌషధముల పట్టికనుండి అలుగు పొలుసులను తొలగించినది.

ఇన్ని కట్టుబాటులుండియు ఏమి జరుగుచున్నది? 2018 మొదలు 2022 వఱకు గల యైదేండ్లలో మన దేశమున 342 సందర్భములలో 1,203 అలుగులు దొంగవ్యాపారమున పట్టుబడినవని, వన్యప్రాణుల వ్యాపారమును కనిపెట్టుచుండు ట్రాఫిక్ అను సంస్థ లెక్క తేల్చినది. పట్టుబడినవి ఇన్ని యైనప్పుడు పట్టుబడనివి ఎన్ని యుండునో ఊహించుకొనవలసినదే. 2019 ఏప్రిలు నెలలో సింగపూరు రేవున ఒక్క వారము లోపల రెండు పర్యాయములు పట్టుబడిన యాఫ్రికా అలుగుల పొలుసులే 25 టన్నులకు మించినవి. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘమువారు మన దేశపు అలుగును అపాయమునందున్న జంతువుల పట్టికలో చేర్చియున్నారు.

కాబట్టి కొఱత చట్టమున లేదు. నా యభిప్రాయమున కొఱత జ్ఞానమున నున్నది. అలుగు ఎచ్చట నున్నది, ఎంత మేర తిరుగును, ఏ యడవిలో పెరుగుచున్నది, ఏ యడవిలో తఱుగుచున్నది, ఏ దారిని నగరములకు చేరుచున్నది అను ప్రశ్నలకు సమాధానము తెలియనిచో, చట్టము చీకటిలో కావలి కాయువాని చేతి కఱ్ఱవంటిది. ఆ సమాధానములను వెదకుచు అడవులలో ఓపికతో తిరుగు పరిశోధకుడు, తుపాకి పట్టిన కావలివానికంటె తక్కువవాడు కాడు. అతని పనికి ప్రభుత్వము ధనమును, ప్రజలు గౌరవమును, మనవంటి పాఠశాలలు చుఱుకైన పిల్లలను ఈయవలెను. నేను చెప్పదలచినది ఇంతియే. దీనికి కారణములను ఇక చెప్పెదను.

హాజరుపట్టీ లేని తరగతిలో ఎవడు రాలేదో ఉపాధ్యాయునకు తెలియదు. పులుల విషయమున మనకు హాజరుపట్టీ కలదు. ఒక పులి చారలవలె మఱియొక పులి చారలుండవు గాన, అడవి దారులలో కెమెరాల నమర్చి, ఛాయాచిత్రములందలి చారలను పోల్చి, ఏ పులి ఏదియో గుర్తింపవచ్చును. నల్లమలలోని నాగార్జునసాగర్ శ్రీశైలము, అమ్రాబాదు పులుల సంరక్షణకేంద్రములలో ఈ విధముగనే పులులను లెక్కించుచున్నారు. అలుగునకు చారలు లేవు, మచ్చలు లేవు. ఒక యలుగు పటమును మఱియొక దాని పటముతో పోల్చి ఇది వేఱు, అది వేఱు అని చెప్పుట బహుకష్టము. అదియునుగాక అది యొంటరిగా రాత్రివేళ పొదలలో తిరుగును. సంవత్సరముల తరబడి అడవిలో పనిచేసినవారిలోను దానిని కన్నులార చూచినవారు కొలదిమంది. అందుచేతనే మన దేశమంతటను అలుగులెన్నియో నమ్మదగిన లెక్క నేటికిని ఏర్పడలేదు. ఎన్ని యున్నవో తెలియనప్పుడు ఎన్ని తగ్గినవో చెప్పుట యెట్లు? ఏ యడవికి కావలి యెక్కువ కావలయునో నిర్ణయించుట యెట్లు?

ఈ చిక్కును విప్పుటకు పరిశోధకులు పలుమార్గముల నవలంబించుచున్నారు. జంతువు కనబడకున్నను దాని బొఱియ కనబడును. అలుగు త్రవ్వు బొఱియలు రెండు విధములు: ఆహారమునకై త్రవ్వినవి లోతు తక్కువగను, నివాసమునకై త్రవ్వినవి లోతుగను ఉండును. పరిశోధకుడు అడవిని భాగములుగా విభజించుకొని, నడచి, ప్రతి బొఱియను కొలిచి, అది క్రొత్తదో పాతదో చూచి వ్రాసికొనును. దాని పెంటికలను సేకరించి, అందలి చీమల చెదపురుగుల తలలను భూతద్దముక్రింద పరీక్షించి, ఏ జాతులను తినుచున్నదో తెలిసికొనును. బొఱియ యెదుట కెమెరా నమర్చును. పల్లెలకు పోయి వృద్ధులను అడిగి, వెనుకటి కాలమున ఎచ్చట కనబడెడిదో విచారించును. పాకిస్తానులోని పోఠోహార్ పీఠభూమియందు విద్వాంసులు ఇట్లే ఏటేట బొఱియలను లెక్కించి, కొలదికాలములోనే అలుగులు విశేషముగా తగ్గినవని నిరూపించిరి. ఆ నడకయే లేకున్నచో ఆ నష్టము ఎవరికిని తెలియకయే జరిగిపోయెడిది.

మన దేశమునను ఇట్టి కృషి జరుగుచున్నది. ఒడిస్సా రాష్ట్రమున భువనేశ్వరము చెంతనున్న నందన్‌కానన్ జంతుశాలలో అలుగుల పెంపకమునకై ప్రత్యేకకేంద్రమును నెలకొల్పి, రాత్రులయందు వాని నడవడిని వీడియో కెమెరాలతో పరిశీలించి వ్రాసియున్నారు. మధ్యప్రదేశమున అటవీశాఖవారును వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ ట్రస్టువారును కలిసి, దొంగలచేతినుండి విడిపించిన యలుగులకు వైద్యముచేసి, రేడియో పరికరములను అమర్చి, సాత్పుర ప్రాంతపు అడవిలో విడిచి, అవి పోవు దారులను కనిపెట్టుచు వచ్చిరి. మన తెలుగునాట గోదావరి యొడ్డున నున్న పాపికొండలలో విక్రమ్ ఆదిత్య, టి. గణేశ్ అను పరిశోధకులు ఆ కొండలయందలి క్షీరదములను పరిశీలించి 2017లో వాని పట్టికను ప్రకటించిరి. ఆ విక్రమ్ ఆదిత్యయే మఱికొందఱితో కూడి, 2020లో కరోనా మహమ్మారివలన దేశమంతయు తలుపులు మూసికొనియున్న దినములలో అలుగుల దొంగవ్యాపారము ఎట్లు నడచినదో వార్తాపత్రికలనుండి కూర్చి 2021లో వెల్లడించెను. రైళ్లు నిలిచినవి, అంగళ్లు మూసిరి, కాని ఆ వ్యాపారము నిలువలేదని దానివలన తేలినది.

ఇక మన నగరము మాట. పాతనగరపు పిల్లలకు బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాల సుపరిచితము; అది 1963లో ప్రారంభమైనది. దానికి సమీపముననే, అత్తాపురమున, లాకోన్స్ అను పేర పిలువబడు ప్రయోగశాల కలదని ఎందఱెఱుగుదురు? అది హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు శాఖ. నశించుచున్న జంతుజాతుల సంరక్షణకై ఏర్పడిన యీ ప్రయోగశాలను 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు జాతికి అంకితము చేసిరి. ఆ కేంద్రపు శాస్త్రజ్ఞులు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ గారలు, ఒక మాంసపు ముక్కనో వెండ్రుకనో తీసికొని, అందలి డి.ఎన్.ఎ. సహాయమున అది యే జంతువుదో నిర్ణయించు పద్ధతిని 2003లో ప్రకటించిరి. పట్టుబడిన వస్తువును పొడిచేసి, ముక్కలుచేసి, ఇది మేక గిట్ట యని దొంగ బొంకినను, న్యాయస్థానమున నిజమును స్థాపించుటకు ఇట్టి పరీక్షలు సాధనములైనవి.

ఐనను ఒక సంగతి గమనింపవలెను. ఈ పొలుసు అలుగుదని ప్రయోగశాల చెప్పగలదు. అది యే యడవినుండి వచ్చినదని చెప్పవలెనన్న, ఆ యా యడవులందలి అలుగుల నమూనాలు ముందుగా సేకరింపబడి యుండవలెను. 2023లో సైన్స్ అను పత్రికలో వెలువడిన పరిశోధన దీనికి మంచి నిదర్శనము. తెల్లపొట్ట అలుగు అను నాఫ్రికా జాతి నమూనాలను అది నివసించు దేశములనుండి సమకూర్చుకొని, హాంకాంగులో పట్టుబడిన పొలుసులను వానితో పోల్చి, ఆ జంతువులలో పెక్కింటిని దక్షిణ కామెరూన్ ప్రాంతమున వేటాడిరని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సముద్రముల కావల దొరికిన పొలుసునుబట్టి వేట జరిగిన యడవిని గుర్తించుట సామాన్యమా! అడవిలో నమూనా సేకరించినవాడు లేక, నగరమందలి శాస్త్రజ్ఞుడు ఈ పని చేయజాలడు. మన యత్తాపురపు ప్రయోగశాల యెంత గొప్పదైనను, నల్లమలలో, పాపికొండలలో, ఆదిలాబాదు అడవులలో నడచు కాళ్లు లేనిచో దాని విద్య సగము విద్యయే యగును.

దీనికి ప్రతిగా కొన్ని మాటలు వినబడుచుండును. మొదటిది: "మన వీధులలో పిల్లలకు పుస్తకములు లేవు, కొందఱిండ్లలో రెండుపూటల అన్నము లేదు, చీమలుతిను జంతువునకై ధనమేల?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దీనిని అడుగువారు పేదల కష్టమును చూచి అడుగుచున్నారు. కాని అలుగుల వేటలో చిక్కుకొనువారును పేదలే. దళారులు లక్షలు వచ్చునని యాసచూపుదురు. అడవిప్రక్క పల్లెవాడు దానిని పట్టి తెచ్చును. జైలునకు పోవునది తఱచుగా వాడు, వాని వెనుకనున్న వర్తకుడు కాడు. వ్యాపారము నడచు దారులను పరిశోధించి తెలిసికొన్ననాడే ఆ వర్తకుని చేయి పట్టుకొనుటకు వీలగును. అట్టి పరిశోధనకు వ్యయమగు ధనము పేదవాని కడుపు కొట్టి తెచ్చినది కాదు. వానిని మోసమునుండి తప్పించునది. అలుగు ఆహారము చీమలు, చెదలు అను సంగతియు మఱవరాదు. చెదలవలన కలుగు నష్టము రైతునకును ఇల్లు కట్టినవానికిని ఒకరు చెప్పనక్కఱలేదు.

రెండవది: "జంతుశాలలో పెంచిన చాలదా?" అని. కొన్ని జంతువులకు ఈ మార్గము మేలు చేసినది. లాకోన్స్‌వారును నెహ్రూ జంతుప్రదర్శనశాలవారును కలిసి 2010 మొదలు మూషికజింకలను పెంచి, తరువాత అమ్రాబాదు అడవిలో విడిచిరి. అది మన నగరమునకు కీర్తి. కాని అలుగు జింకవలె గడ్డి మేయునది కాదు. బ్రతికియున్న చీమలు చెదలు దానికి ప్రతిదినము కావలెను. బంధమున నుంచిన పెక్కు అలుగులు త్వరలో మరణించుట లోకమంతట కనబడిన యనుభవము. ఒకవేళ పెంపకము ఫలించినను, విడువదగిన యడవి యేదో, అందు ఆహార మున్నదో లేదో, వేటగాండ్ర భయ మెంతయో తెలియక విడుచుట పిల్లవానిని దారితెలియని యూరిలో దింపి వచ్చుటవంటిది. కావున జంతుశాలకును అడవి పరిశోధన యాధారము.

మూడవది: "అడవి సంగతి అడవివారికి తెలియును, పట్టణమునుండి పోయిన చదువరులు వారికి నేర్పునదేమి?" అని. ఈ మాటలో సత్యము కలదు. నల్లమలలోని చెంచులు, పాపికొండలలోని కొండరెడ్లు, కోయలు తరతరములుగా అడవిలోనే బ్రతికినవారు. క్రొత్త బొఱియను పాతదానినుండి వేఱుచేయుట ఏ కళాశాలవాడైనను అట్టివారి వెంట తిరిగి నేర్చుకొనవలసినదే. అందుచేత పరిశోధకుడు వారిని కూలివారివలె గాక గురువులవలె చూడవలెననియు, వారి పనికి తగిన జీతము నీయవలెననియు, వ్రాతలో వారికి రావలసిన గౌరవము వారికి చెందవలెననియు నేను గట్టిగా చెప్పుదును. వారి తెలివిని కాగితముమీద పెట్టి, లెక్కకు తెచ్చి, ప్రభుత్వమునకును న్యాయస్థానమునకును వినబడునట్లు చేయుటయే చదువరి పని. ఇద్దఱును కావలసినవారే.

విద్యార్థులారా! ఇందు మీ పని యేమని మీరు తలంపవచ్చును. మొదటి పని వదంతులను నమ్మకుండుట. ఇరానీ హోటళ్లలోను, చేతి ఫోనులలోను, అలుగు పొలుసు సర్వరోగనివారిణి యనియు, అది యింటనున్న ధనము కలుగుననియు, ఒక యలుగునకు లక్షలు పలుకుననియు మాటలు వినబడుచుండును. పొలుసు కెరటిన్ అను పదార్థముచే ఏర్పడినది. మీ వ్రేళ్లగోళ్లును, ఆవు గిట్టలును ఆ పదార్థముతోనే యేర్పడినవి. గోరు కొఱికికొన్నందున జ్వరము తగ్గునా? తగ్గదని చిన్నపిల్లవాడును ఎఱుగును. ఇట్టి చిత్రములను వీడియోలను చూచి ఇతరులకు పంపువాడు తెలియకయే ఆ వ్యాపారమునకు చాటువాడగుచున్నాడు. సెలవులలో తాతగారి యూరికి పోయినప్పుడు అలుగు కనబడినచో, దానిని ముట్టకుడు, గుంపు చేర్పకుడు, ఆ స్థలమును పదుగురికి చాటకుడు. పెద్దల ద్వారా అటవీశాఖవారికి తెలియజేయుడు.

రెండవ పని చూచుట నేర్చుకొనుట. పరీక్షకై వల్లించిన జీవశాస్త్రము వేసవి సెలవులు ముగియకమునుపే మఱచిపోవుదుము. కన్నులతో చూచి, తేది వేసి, ఉన్నదున్నట్లు వ్రాసిన యొక్క పుట చిరకాలము నిలుచును. అడవి లేదని విచారింపనక్కఱలేదు. బడి యావరణములోని చీమలపుట్ట ఏ నెలలో ఎట్లున్నదో, గోడమీది చెదలు ఎంత దూరము ప్రాకినవో, మూసీ యొడ్డున ఏ పక్షులు ఏ ఋతువున వచ్చుచున్నవో వ్రాయుడు. బొఱియలను లెక్కించువాడు చేయు పనియు ఇదియే. స్థలము మాత్రమే వేఱు. తెలియని చోట తెలియదని వ్రాయుటయు ఆ విద్యలో భాగమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన పిల్లలలో తెలివిగలవారిని వైద్యులను, ఇంజనీర్లను చేయవలెనని మనకు కోరిక. మంచిదే. కాని కొండలలో తిరిగి బొఱియలు కొలుచు ఉద్యోగము కావలెనని మీ కుమారుడో కుమార్తెయో అడిగినచో, అది పిచ్చిపని యని నోరు మూయింపకుడు. అట్టి పనికి ముందుకు వచ్చువారు కొలదిమంది. వారిపై ఆధారపడిన ప్రాణులు అనేకములు. ప్రభుత్వమువారును విశ్వవిద్యాలయములును ఈ పనికి రెండు మూడేండ్ల పథకములతో సరిపుచ్చక, పదేండ్లు ఇరువదేండ్లు ఎడతెగక సాగునట్లు ధనము నీయవలెను. ఒక యేటి లెక్క ఒక లెక్కయే. దానిని మఱుసటియేటి లెక్కతో పోల్చినప్పుడుగాని తఱుగుదల తెలియదు.

మన పాఠశాల వఱకు నేను కోరునది రెండు సంగతులు. పై తరగతులవారిని ఏడాదికొకసారి జంతుప్రదర్శనశాలకు కొనిపోవునప్పుడు, ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క జంతువునెదుట అరగంట నిలిచి చూచినది వ్రాయునట్లు నియమింపవలెను. లాకోన్స్ శాస్త్రజ్ఞులలో నెవరినైనను ఆహ్వానించి, వారి పనిని గూర్చి పిల్లలకు తెలుగున ఉపన్యాస మిప్పింపవలెను. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మూడవ శనివారమును లోకమందు అలుగుల దినముగా జరుపుచున్నారు. ఆ యుపన్యాసమునకు ఆ దినము తగియుండును. పిల్లలు వ్రాసిన పరిశీలనలలో మంచివానిని వచ్చే యేటి యీ సంచికలో ప్రకటించినచో, చదువుటకు అందఱికంటె ముందు నేను సిద్ధముగా నుందును.